డిజైన్ ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చిన చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

బరంపురం

చిన్నా,

నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాను. నేను ఇన్నేళ్ళుగా ఈ డిజైన్ పనిలోనే ఉన్నాను. ఇంటర్వ్యూలకి వెళ్ళాను, తరవాత ఉద్యోగం కోసం వచ్చిన పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలూ అడిగాను. ఫోన్లో అరకొరగా చెప్పడం ఇష్టంలేక ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

వాళ్ళు చేసిన తప్పులు వేరు, నువ్వు సరిచేసుకోవాల్సింది వేరు. నువ్వు రెండూ కలిపేసి "ఈ లైన్ నాకు పనికిరాదేమో పెద్దమ్మా" అంటున్నావు. ఆ మాట నేను ఒప్పుకోను.

పలాసలో రైలెక్కి సికింద్రాబాద్ దాకా వెళ్ళిన కుర్రాణ్ణి రెండు గంటలు రిసెప్షన్లో కూర్చోబెట్టడం మర్యాద కాదు. యాప్‌ని వాడేవాళ్ళకి సులువుగా ఉండేలా మలిచే యూఎక్స్ డిజైనర్ కావాలని ప్రకటన ఇచ్చి, తీరా వెళ్ళాక రీల్స్ ఎడిటింగ్ వచ్చా, పండగ పోస్టర్లు రోజుకి ఎన్ని చేస్తావు అని అడిగారంటే వాళ్ళకి కావలసిన మనిషే వేరు. దాంట్లో నీ పని మంచిచెడ్డల ప్రసక్తే లేదు. ఈసారి టికెట్ కొనేముందే మొదటి రౌండ్ ఫోన్లో పెట్టమని అడుగు. రోజూ చేయాల్సిన పని ఏమిటి, ఇప్పటికే ఎంతమంది డిజైనర్లు ఉన్నారు, జీతం ఎంతలో ఉంటుంది, ఇవన్నీ ముందే అడుగు. జీతం మాట ఎత్తితే ఏమనుకుంటారోనని మొహమాటపడకు. రానూపోనూ ఖర్చులు పెట్టుకునేది నువ్వు.

"పర్లాకిమిడి అంటే ఒడిశా కదా, తెలుగు ఎలా వచ్చు?" అని నవ్వారన్నావు. దానికి చిన్నబుచ్చుకోవడం ఎందుకు? 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మన ఊరు అటు వెళ్ళింది, మన ఇళ్ళలో మాట మాత్రం మారలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఈ మూడు లిపుల్లోనూ స్క్రీన్ గీసి, ఎక్కడ అక్షరం తెగుతోందో కంటితో పట్టుకోగల డిజైనర్ దొరకడం అంత తేలిక కాదు. ఇంకోసారి ఎవరైనా అడిగితే ఈ సంగతే చెప్పు.

ఇక ఆ అసైన్‌మెంట్. వాళ్ళ యాప్‌లోవే ఐదు స్క్రీన్లు మళ్ళీ గీసి తెమ్మంటే, రాత్రుళ్ళు కూర్చుని గీసి, స్క్రీన్లు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌లోని ఫైలు ఎడిట్ యాక్సెస్‌తో సహా వాళ్ళ చేతిలో పెట్టావు. అసైన్‌మెంట్ ఇవ్వడమే తప్పని నేననను. రెండు మూడు గంటల్లో అయ్యే ఊహా సమస్య ఒకటిచ్చి, మనిషి ఎలా ఆలోచిస్తాడో చూడటం న్యాయమే, నేనూ అలాగే ఇచ్చేదాన్ని. నడుస్తున్న తమ ప్రోడక్ట్‌కి పని చేయించుకుని డబ్బులివ్వకపోవడం మాత్రం అన్యాయం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం గీసినవాడే మొదటి హక్కుదారు. ఉద్యోగంలో ఉండి, ఆ ఉద్యోగంలో భాగంగా గీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు అది యజమానిది అవుతుంది. నువ్వు వాళ్ళ ఉద్యోగివి కాదు. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే సెక్షన్ 19 ప్రకారం సంతకం పెట్టిన కాగితం ఉండాలి. అక్కడ నీచేత ఏదైనా ఫారం నింపించి ఉంటే దాని ఫోటో పంపు, నేను చదువుతాను. లాయర్ దగ్గరికి పరిగెత్తమని చెప్పడంలేదు. ఆ ఎడిట్ యాక్సెస్ ఈరోజే తీసెయ్యి. ఇకమీదట ఎవరికిచ్చినా పీడీఎఫ్ ఇవ్వు, ప్రతి పేజీ మీద నీ పేరూ తేదీ ఉండాలి. ఇచ్చింది నడుస్తున్న ప్రోడక్ట్ పనైతే, "దీనికి ఫీజు ఇస్తారా, లేదంటే ఇలాంటిదే వేరే సమస్య మీద చేసి చూపించనా?" అని మెయిల్ పెట్టు. దానికి కోపం తెచ్చుకునే కంపెనీలో నువ్వు చేరకపోతేనే నాకు సంతోషం.

ఇంతవరకూ వాళ్ళ సంగతి. నీ వైపు సంగతే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

వాళ్ళు అడిగినవాటిలో ఒక్కటి మాత్రం మంచి ప్రశ్న. జీడిపప్పు యూనిట్లలో పనిచేసే ఆడవాళ్ళ కోసం నువ్వు చేసిన కూలి లెక్కల యాప్ చూసి, "ఫింగర్‌ప్రింట్ పెట్టకుండా నాలుగంకెల పిన్ ఎందుకు పెట్టావు?" అని అడిగారు. నువ్వు "కావాలంటే పెట్టొచ్చు సార్" అన్నావు. అది విన్నప్పుడు నా ప్రాణం ఉసూరుమంది.

కాశీబుగ్గలో ఆ షెడ్ల దగ్గర కూర్చుని వచ్చి నువ్వు నాకేం చెప్పావో గుర్తు తెచ్చుకో. జీడిగింజ తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. గింజలు కొట్టీ కొట్టీ వాళ్ళ వేళ్ళు నల్లబడి, పైపొర లేచిపోయి, ముద్ర గీతలే సరిగ్గా పడవు. ఒకావిడ ఫోన్ మీద బొటనవేలు పెట్టి, పావడాకి తుడుచుకుని మళ్ళీ పెట్టి, చివరికి విసుగొచ్చి కొడుక్కి ఇచ్చేసిందన్నావు. అందుకే నువ్వు పిన్ పెట్టావు. తాకే బటన్ స్క్రీన్ కొలతలో కనీసం 48 డీపీ ఉండాలని గూగుల్ వాళ్ళు చెబుతారు, చేతి జిడ్డుకి వేలు జారుతుందని నువ్వు అంతకన్నా పెద్దవే పెట్టావు. ఇదంతా చూసి, ఆలోచించి చేసినవాడివి, తీరా అడిగేసరికి "కావాలంటే పెట్టొచ్చు" అంటే ఎలా?

ఇంకోటి. "లెక్క", "మొత్తం" అని రాసిన వరసల్లో ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్ పెట్టేసరికి, కింది ఒత్తులు దిగువనున్న అంకెల మీద పడ్డాయి. నువ్వు వరస ఎత్తు పెంచావు. దాంతో నెలంతా ఒకే స్క్రీన్లో పట్టలేదు. కూలి ముట్టేది వారానికోసారి కాబట్టి వారం లెక్క చాలనుకున్నావు. ఒక ఒత్తు తెగితే అక్కడినుంచి కూలి రోజు దాకా ఆలోచించావు. నేను ఆ బల్లకి అటువైపు ఉండి ఉంటే, ఇది విన్నాక నీ మిగతా పేజీలు చూడాల్సిన అవసరం కూడా ఉండేది కాదు.

ఇవన్నీ పోర్ట్‌ఫోలియోలో ఎక్కడున్నాయి? నేను తెరిచి చూశాను. ఫోన్ మాకప్‌లో నీలం స్క్రీన్లు, ఫాంట్ పేరు, రంగుల గడులు, పసుపు చీటీలు అంటించిన గోడ ఫోటో. షెడ్డు లేదు, వేళ్ళు లేవు, తెగిన ఒత్తు లేదు. మొదటి పేజీలోనే ఎవరి కోసం, ఏ ఇబ్బంది కోసం చేశావో రెండు వాక్యాల్లో రాయి. తరవాత ఒత్తు తెగిన స్క్రీనూ, సరిచేసిన స్క్రీనూ పక్కపక్కన పెట్టు. దానికోసం ఏం వదులుకున్నావో దాని కిందే రాయి. పనికిరాక పక్కన పెట్టిన డిజైన్ కూడా ఒకటి చూపించు. "వాడకం ఇంత శాతం పెరిగింది" లాంటి అంకెలు నువ్వు కొలిచి ఉంటే తప్ప పెట్టకు, ఎంతమందితో కూర్చున్నావో అంతే రాయి. నీ ఊళ్ళో పంతులుగా చేసిన గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనులు మాట్లాడుతుంటే విని ఆ భాష నేర్చుకున్నారు, పుస్తకాలు ఆ తరవాతే రాశారు. నువ్వు షెడ్డులో చేసిందీ ఆ పనే. యూజర్ రీసెర్చ్ అని ఇంగ్లీషులో భయంభయంగా చదివి అప్పజెప్పక్కర్లేదు, ఎవర్ని చూశావో, ఏం విన్నావో చెప్పు చాలు.

టెన్షన్‌లో ఇంగ్లీషు తడబడితే ఒక్క క్షణం ఆగి, "తెలుగులో చెప్పనా అండీ?" అని అడుగు. హైదరాబాద్‌లో చాలామంది సరేనంటారు. ఎందుకు అని ఏది అడిగినా ఏం చూశావో, దానివల్ల ఏం మార్చావో, ఏం పోగొట్టుకున్నావో వరసగా చెప్పు. అద్దం ముందు కాదు, మనిషి ముందు పైకి చెప్పి అలవాటు చేసుకో. మనసులో అనుకున్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి, నోట్లోంచి వచ్చేటప్పుడే తెలుస్తుంది ఎక్కడ తడబడుతున్నావో.

వాళ్ళకి ఇంకో మెయిల్ ఒక్కటే పెట్టు: ఫలితం ఏమిటని, స్క్రీన్లు నీ అనుమతి లేకుండా వాడొద్దని. జవాబు వచ్చినా రాకపోయినా ఇక వాళ్ళ వెంట పడకు. కోపంలో లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేరు పెట్టి రాయకు, ఇంకా ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో దాని భారం నీ మీదే పడుతుంది.

శనివారంలోగా ఆ ప్రాజెక్టు కొత్త పేజీలు నాకు పంపు. ఆ బూడిదరంగు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, అదే కాంట్రాస్ట్, కూడా చూసుకో, 4.5:1కి తగ్గకూడదు, షెడ్డులో వెలుతురు తక్కువ కదా. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. పొద్దున బస్సుకి బరంపురం వచ్చెయ్యి, ల్యాప్‌టాప్ తెచ్చుకో. నేను ప్రశ్నలు అడుగుతాను, నువ్వు చెబుదువుగాని.

ఇట్లు,
నీ పెద్దమ్మ