పక్షవాతం లక్షణాలు కనిపిస్తే ఇంట్లో మాత్ర వేసి చూడొద్దు

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. నెల క్రితం పొద్దున నిద్ర లేచేసరికి కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట ముద్దగా వచ్చింది. చెయ్యి ఒత్తుకునేలా పడుకున్నారేమో అనుకుని, ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేసి పడుకోమన్నాం. మధ్యాహ్నం దగ్గర్లోని క్లినిక్‌కి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి వెళ్లేసరికి సాయంత్రమైంది. ఇంజెక్షన్‌కి టైమ్ దాటిపోయిందన్నారు. అంతకు వారం ముందు కూడా ఓ పది నిమిషాలు మాట తడబడి తగ్గిపోయింది. ఇప్పుడు నడుస్తున్నారు కానీ చెయ్యి పూర్తిగా రాలేదు. నరాల బలానికి ఏ మాత్రలు వాడాలి?

జవాబు: మాత్రల సంగతి చివర్లో చెప్తాను. మీరు మాటవరసకు రాసిన ఆ పది నిమిషాల విషయమే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. మాట తడబడి దానంతటదే సర్దుకుంటే నీరసమనో, బీపీ కాస్త పెరిగిందనో సరిపెట్టుకుంటారు. ఆయన్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ అది టీఐఏ అయి ఉండొచ్చు, అంటే మెదడుకి రక్తం కాసేపు ఆగి మళ్లీ అందడం. అది వచ్చాక మొదటి రెండు రోజుల్లో అసలు స్ట్రోక్, అంటే పక్షవాతం, వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ. అందుకే తగ్గిపోయినా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఇకముందు కూడా.

స్ట్రోక్‌లో చాలామందికి నొప్పి ఉండదు, అదే కొంప ముంచుతుంది. గుండెలో నొప్పొస్తే అర్ధరాత్రైనా పరిగెత్తే వాళ్లే, చెయ్యి లేవకపోతే మాత్రం ‘కాసేపు చూద్దాం’ అంటారు, కొడుకు ఆఫీసు నుంచి రావాలంటారు, నూనె రాసి మర్దనా చేస్తారు. మెదడులో కుడివైపు దెబ్బతింటే కొందరికి తన ఎడమ చెయ్యి పనిచేయట్లేదన్న సంగతే తెలియదు, ‘నాకేం కాలేదు’ అని వాదిస్తారు కూడా, ఆ మాట నమ్మి ఆగిపోకండి. మూతి వంకర, ఒక పక్క చెయ్యో కాలో బలం తగ్గడం, మాట తేడా, ఉన్నట్టుండి చూపు పోవడం లేదా తూలడం, వీటిలో ఒక్కటి చాలు బయల్దేరడానికి.

మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అదీ ఆఖరిసారి బాగున్నట్టు చూసిన టైమ్ నుంచి లెక్క. మీ నాన్నగారి విషయంలో అది రాత్రి పడుకున్న టైమ్ అవుతుంది. అయినా నిద్రలో వచ్చిందని, టైమ్ దాటిందని మీరే తీర్మానించుకోవద్దు, కొందరికి స్కాన్ చూసి చికిత్స చేసే వీలుంటుంది, పెద్ద రక్తనాళం మూసుకుపోతే గడ్డని తీసేసే ప్రొసీజర్ ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకూ చేస్తారు. నాలుగున్నర గంటలున్నాయి కదా అని నింపాదిగా వెళ్లడం కూడా తప్పే, ఎంత ముందొస్తే అంత మెదడు మిగులుతుంది. సీటీ స్కాన్ లేని చోటికి వెళ్తే ఆ టైమ్ అక్కడే పోతుంది, నేరుగా స్ట్రోక్ చికిత్స ఉన్న ఆసుపత్రికే వెళ్లండి.

ఇక ఆ ఆస్పిరిన్. కోపంగా అనడం లేదు కానీ, ఎవరు చెప్పారు వేయమని? గడ్డ వల్ల వచ్చిందో, మెదడులో రక్తస్రావం వల్ల వచ్చిందో బయటి నుంచి చూసి మేమే చెప్పలేం, స్కాన్ తీయాలి. రక్తస్రావమైతే ఆస్పిరిన్ ఇంకా చేటు చేయొచ్చు. నాలుక కింద బీపీ మాత్ర పెట్టడం కూడా అంతే, బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకి అందే కాస్త రక్తమూ తగ్గుతుంది. మింగలేని మనిషికి నీళ్లు పట్టినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆయన వాడే మందుల చీటీ పట్టుకుని బయల్దేరండి, ముఖ్యంగా రక్తం పలుచబడే మందులుంటే వెంటనే చెప్పాలి.

మీరు అడిగిన నరాల మాత్రలు: బీ12 లోపం లేకపోతే వాటివల్ల చెయ్యి త్వరగా వస్తుందని నేను చెప్పను. ఫిజియోథెరపీ ఆపకండి, మొదటి కొన్ని నెలలే ముఖ్యం. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు, డిశ్చార్జ్‌లో రాసిన ఆస్పిరిన్ లాంటివి మీ డాక్టర్ చెప్పకుండా మానొద్దు. గుండె లయ తప్పుతోందేమో, మెడ రక్తనాళాల్లో అడ్డు ఉందేమో చూశారా అని ఆయన్ని అడగండి, మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.