ఈసీఈ అమ్మాయి, పట్టుచీరల ఫొటోలు, రెండు లక్షల కోర్సు

ప్రశ్న: మాది ధర్మవరం. చాలా ఏళ్లుగా బెంగళూరు చిక్కపేటలో పట్టుచీరల హోల్‌సేల్ షాపు నడుపుతున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఈసీఈ రెండో ఏడాది చదువుతోంది. షాపుకు రోజూ వాట్సాప్‌లో ఫొటోలు వస్తాయి, ‘ఇట్లాంటిది ఉందా?’ అని. ఫొటో పెట్టగానే మన స్టాకులో అలాంటి చీరలు చూపించే ప్రోగ్రామ్ రాస్తానని కూర్చుంది. ఇప్పుడు ఇమేజ్ సెర్చ్, వీడియో ప్రాసెసింగ్ మీదే ఉద్యోగం చేస్తానంటోంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బంధువుల అబ్బాయేమో అది సీఎస్ఈ వాళ్ల పని, పైగా ఏఐ వచ్చాక ఆ పని కూడా మనుషులకు మిగలదు అంటున్నాడు. బీటీఎం లేఅవుట్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ రెండు లక్షలు కడితే ఆరు నెలల్లో నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామంటోంది. కట్టమంటారా? లేక డిగ్రీ అయ్యాక ఎమ్మెస్‌కు పంపాలా?

జవాబు:

కట్టకండి. ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో కింద చెప్తాను. ముందు ఈసీఈ సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో అసలు గొడవ దాని మీదే ఉన్నట్టుంది.

మీ షాపు నుంచి కె.ఆర్. సర్కిల్ ఎంత దూరమో మీకు తెలుసు. అక్కడి యూవీసీఈ కాలేజీలో 1961లో ఇంజినీరింగ్ ముగించి అమెరికా వెళ్లినాయన నసీర్ అహ్మద్. పుట్టింది కూడా బెంగళూరులోనే. చదివింది ఎలక్ట్రికల్. 1972లో ఒక ఆలోచన పట్టుకుని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగితే వాళ్లు ఇవ్వలేదు. ఆయన వదల్లేదు. టి. నటరాజన్, కమిశెట్టి రామమోహనరావులతో కలిసి 1974లో ఆ పరిశోధన ప్రచురించారు. దాన్నే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ అంటారు. ఫొటోలను, వీడియోలను కుదించడానికి వాడే లెక్క అది. 1992లో వచ్చిన జేపెగ్ ఫొటో ప్రమాణం దాని మీదే నిలబడింది. 2003లో వచ్చిన హెచ్.264 వీడియో ప్రమాణంలోనూ దాని పూర్ణాంకాల రూపమే ఉంది. మీ ఫోనుకొచ్చే ప్రతి చీర ఫొటో ఈ లెక్క దాటుకునే వస్తోంది. ఆ ముగ్గురూ చేసింది సిగ్నల్ ప్రాసెసింగ్. మీ అమ్మాయి సిలబస్‌లో ఉన్నదీ అదే.

వీడియోలో ఈ చదువు ఎంత అవసరమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ అంటే ఒక్కో ఫ్రేములో 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు. చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 30 ఫ్రేములు. గుణిస్తే సెకనుకు సుమారు 18.7 కోట్ల బైట్లు. దీన్ని ఉన్నదున్నట్టు మామూలు మొబైల్ నెట్‌వర్క్ మోయలేదు. పక్కపక్క ఫ్రేముల్లో మారనిదాన్ని మళ్లీ పంపకుండా, కదిలిన ముక్క ఎటు కదిలిందో మాత్రం పంపుతూ, కంటికి ఆనని సన్నటి వివరాలు వదిలేస్తూ దాన్ని వందలో ఒక వంతు కంటే తక్కువకు కుదిస్తారు. సీఎస్ఈ సిలబస్‌లో ఇది చాలాచోట్ల ఎలక్టివ్‌గా మాత్రమే ఉంటుంది. ఈసీఈ వాళ్లకు సిగ్నల్స్, డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), ప్రాబబిలిటీ తప్పనిసరి. వాటిని పరీక్ష ముందు రాత్రి చదివే సబ్జెక్టుల్లా చూడొద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి. లీనియర్ ఆల్జీబ్రా కూడా అంతే. బ్రాంచి వల్ల ఆమెకు వచ్చే లోటు ఒక్కటే: డేటా స్ట్రక్చర్లు, మంచి ప్రోగ్రామింగ్. అది సొంతంగా నేర్చుకోవలసిందే. పైథాన్ ఒక్కటే చాలదు. వీడియో కంపెనీల్లో సీ, సీ ప్లస్ ప్లస్ రాకపోతే లోపలికి రానివ్వరు.

ఇక చీరల ప్రాజెక్టు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. బెంగళూరు కాలేజీల్లో ఏటా ఎన్ని బ్యాచ్‌లు ముఖం చూసి హాజరు వేసే ప్రాజెక్టు చేస్తాయో లెక్కలేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అది చూసి చూసి విసిగిపోయారు. ఒకరి ముఖాలు అనుమతి లేకుండా పోగేయడం 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక తలనొప్పి కూడా. చీరకు ఆ గొడవ లేదు, పైగా మీ దగ్గరున్న స్టాకు ఏ ఐఐటీ ల్యాబ్‌లోనూ దొరకదు.

ఫొటోతో వెతకడం ఎలా జరుగుతుందో మీకూ తెలిస్తే మంచిది, అమ్మాయి ఏం చేస్తోందో అర్థమవుతుంది. ప్రతి ఫొటోను ఒక అంకెల వరుసగా మారుస్తారు. ఒకేలా ఉండే ఫొటోల వరుసలు దగ్గరదగ్గరగా వచ్చేలా చూస్తారు. కొత్త ఫొటో వచ్చినప్పుడు దాని వరుసకు దగ్గరున్నవాటిని పైకి తెస్తారు. ముప్ఫై ఏళ్లకు పైగా మారుతూ వచ్చింది ఆ అంకెలను తీసే పద్ధతే. 1991 నాటికి ఏ రంగు ఎంత ఉందో లెక్కపెట్టి పోల్చేవారు. 1999లో డేవిడ్ లోవ్ ఫొటోలోని మూలలు, మచ్చల వంటి ప్రత్యేక బిందువులను పరిమాణం మారినా, తిప్పినా గుర్తుపట్టే సిఫ్ట్ పద్ధతి తెచ్చారు. 2003లో ఆక్స్‌ఫర్డ్‌లో సివిక్, జిసర్‌మన్ అలాంటి ముక్కలను పదాల్లా ఇండెక్స్ చేసి, పుస్తకంలో మాట వెతికినట్టు వీడియోలో వస్తువును వెతికి చూపించారు. 2012లో అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రామ్, ఫొటోలో ఏముందో గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో తప్పుల శాతాన్ని దాదాపు 26 నుంచి 15కు దించింది. రెండో స్థానంలో ఉన్నవాళ్లది 26. అంకెలు ఎలా తీయాలో మనిషి చెప్పడం అక్కడితో తగ్గింది, యంత్రమే ఉదాహరణలు చూసి నేర్చుకోవడం మొదలైంది. 2021లో ఓపెన్‌ఏఐ తెచ్చిన క్లిప్ మోడల్ 40 కోట్ల బొమ్మ–వాక్యం జతలతో నేర్చుకుంది. ఇప్పుడు మీ అమ్మాయి దాన్ని ఉచితంగా దించుకుని ఒక్క సాయంత్రంలో చీరల మీద నడపగలదు.

అసలు పని మొదలయ్యేది ఆ మర్నాడు. అలాంటి మోడల్‌కు పట్టుచీర, ఎరుపు, జరీ అంచు అన్న మేరకు బాగానే తెలుస్తుంది. రెండు ఎర్రచీరల్లో ఒకదానికి మామిడి పిందె బుటా, ఇంకోదానికి రుద్రాక్ష బుటా ఉంటే అది రెండూ ఒకటే అనేయొచ్చు. షాపు ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో వంగపండు రంగు వేరు, మండపం వెలుతురులో వేరు. కస్టమర్ పంపేది తరచూ ఎవరో కట్టుకున్న చీర స్క్రీన్‌షాటు. మీ కేటలాగులో ఉండేది మడతపెట్టిన చీర. ఒకదాంట్లో కొంగు కనబడదు, ఇంకోదాంట్లో అంచు సగమే కనబడుతుంది. దీనికి తోడు వాట్సాప్ కుదింపు. జేపెగ్ ఫొటోను 8 అడ్డం, 8 నిలువు చుక్కల గళ్లుగా కోసి, ప్రతి గడిలో సన్నటి మార్పులనే ముందు మొరటు చేస్తుంది. జరీ పని ఉండేదే ఆ సన్నటి మార్పుల్లో! డీసీటీ చదివిన పిల్లకు ఇది ఎందుకు జరుగుతోందో తెలుస్తుంది, ఏం చేయాలో కూడా తడుతుంది: కేటలాగు ఫొటోలను కూడా కావాలని అంతే కుదించి మోడల్‌కు చూపించడం, అంచును, కొంగును, బాడీని విడిగా కత్తిరించి పోల్చడం, రంగును డిజైన్ నుంచి వేరుచేసి చూడటం.

ఇంకో చిక్కు కంప్యూటర్‌ది కాదు, మీ షాపుది. ‘అలాంటిదే’ అంటే ఏమిటి? అదే డిజైను వేరే రంగులో ఉంటే అలాంటిదేనా? రీటైల్ షాపువాడికి అవును. పెళ్లికూతురి రవికె అప్పటికే కుట్టించేసిన తల్లికి కాదు. ఇది తేల్చాల్సింది మీరు, ఏళ్ల తరబడి కౌంటర్ దగ్గరున్న మీ గుమాస్తా. వందో నూటయాభయ్యో పాత వాట్సాప్ ఫొటోలు తీసి, ఒక్కోదానికీ స్టాకులో సరైన జవాబు ఏ చీరో ఆయనతో రాయించమనండి. ఆ జాబితాను పక్కన పెట్టుకోవాలి, మోడల్‌కు నేర్పడానికి వాడకూడదు. ఒకే చీర ఫొటోలు కొన్ని నేర్చుకునే వైపు, కొన్ని పరీక్ష వైపు పడకుండా కూడా చూసుకోవాలి. పడితే మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, షాపులో పని చేయదు. తర్వాత ఒకే ప్రశ్న: మొదటి ఐదు ఫలితాల్లో సరైన చీర వందకు ఎన్నిసార్లు వచ్చింది? రంగుల లెక్క పద్ధతికి ఎంత, క్లిప్‌కు ఎంత, అంచు కత్తిరించి పోలిస్తే ఎంత. ఈ మూడు అంకెలు రాసుకున్న విద్యార్థిని ఇంటర్వ్యూలో గంటసేపు నిలబడగలదు. ఎక్కడ తప్పిందో ఫొటోలతో సహా చూపగలిగితే ఇంకా మంచిది.

పెద్ద సరంజామా అవసరమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ క్లిప్ మోడల్ చిన్న రకం ఒక్కో ఫొటోకు 512 అంకెలిస్తుంది. ఐదు వేల చీరలకు కలిపి పది మెగాబైట్లు. మామూలు ల్యాప్‌టాప్ అన్నిటితోనూ పోల్చి కనురెప్ప పాటులో జవాబిస్తుంది. కోట్ల ఫొటోలున్న కంపెనీలకే అన్నిటినీ చూడకుండా దగ్గరివాటిని పట్టే ఉపాయాలు కావాలి. 2017లో ఫేస్‌బుక్ ఉచితంగా విడుదల చేసిన ఫైస్ అనే సాఫ్ట్‌వేర్ అందుకోసం పుట్టిందే. అమ్మాయి దాన్ని నేర్చుకోవాలి, కానీ షాపు కోసం కాదు.

వీడియో కూడా ఇందులోనే కలుస్తుంది. కొత్త సరుకు వచ్చినప్పుడు చీరలు ఒక్కొక్కటే విప్పుతూ ఒక వీడియో తీసి ఇవ్వండి. గంట వీడియోలో 1,08,000 ఫ్రేములుంటాయి. వాటిలో చీర మారిన చోటు పట్టుకోవడం, చెయ్యి ఊగి మసకబారినవి పక్కనబెట్టి ఒక్కో చీరకు రెండు మూడు స్పష్టమైన ఫ్రేములు ఏరడం... అంతా ఫొటోలు, వీడియోల పనికి ఉచితంగా దొరికే ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేర్‌తో చేయొచ్చు. మీకు కేటలాగు తయారవుతుంది, ఆమెకు వీడియో ప్రాసెసింగ్ చేతికొస్తుంది.

బంధువుల అబ్బాయి మాటలో కొంత నిజముంది. ఫొటోలో పిల్లి ఉందా, కుక్క ఉందా అని చెప్పే ప్రోగ్రామ్ రాసినందుకు ఇప్పుడెవరూ జీతమివ్వరు. సిద్ధంగా ఉన్న మోడళ్లు ఆ పనిని ఉచితం చేశాయి. కానీ పైన చెప్పినవేవీ మోడల్ తనంతట తాను తేల్చేవి కావు. ఏది సరైన జవాబో నిర్ణయించడం, నిజాయితీగా కొలవడం, ఫోనులో బ్యాటరీ తినకుండా నడపడం, సర్వర్ ఖర్చు తగ్గించడం ఇప్పటికీ మనుషుల పనే, ముందుకన్నా ఎక్కువే ఉంది.

బెంగళూరులో ఈ పని ఎక్కడుంటుందంటే: ఫ్లిప్‌కార్ట్, మింత్రా లాంటి చోట్ల ఫొటోతో వస్తువు వెతకడం, ఒకే వస్తువు రెండుసార్లు ఎక్కితే పట్టడం. శాంసంగ్, క్వాల్‌కామ్‌లలో ఫోను కెమెరా. ఇట్టియం లాంటి కంపెనీలో వీడియో కుదింపు. బాష్, మెర్సిడెస్ పరిశోధన కేంద్రాల్లో కారుకు దారి చూపించడం. సిగ్‌టపుల్ లాంటి చోట రక్తం స్లైడు చూసి కణాలు లెక్కపెట్టడం. అయితే ‘కంప్యూటర్ విజన్ ఇంజినీర్’ అన్న బోర్డుతో ఫ్రెషర్లకు వచ్చే ఉద్యోగాలు తక్కువ. చాలావాటికి ఎంటెక్ గానీ రెండు మూడేళ్ల అనుభవం గానీ అడుగుతారు. మొదటి ఉద్యోగం ఎంబెడెడ్‌లోనో, కెమెరా టెస్టింగ్‌లోనో, మామూలు బ్యాకెండ్‌లోనో దొరికితే కంగారు పడకండి. అక్కడి నుంచి లోపల్లోపలే మారేవాళ్లు ఎక్కువ. ఈసీఈ వాళ్లకు ఆ మొదటి రెండు తలుపులూ తేలిగ్గానే తెరుచుకుంటాయి.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లను ఒకసారి ఫోను చేసి అడగండి: ఉద్యోగం ఇప్పిస్తామన్న మాట ఏ కంపెనీలో, ఏ పనికో కాగితం మీద రాసిస్తారా అని. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ హైదరాబాద్ వారి ‘డీప్ లెర్నింగ్ ఫర్ కంప్యూటర్ విజన్’ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు మాత్రం కట్టాలి. మోడళ్లు నడపడానికి, గూగుల్ కంప్యూటర్లను ఇంటర్నెట్‌లో వాడుకోనిచ్చే గూగుల్ కోలాబ్ ఉచిత వాటా మొదట్లో సరిపోతుంది. మీరు డబ్బు పెట్టవలసింది షాపులో: పగటి వెలుతురు లాంటి రెండు మంచి లైట్లు, కదలకుండా ఫోను నిలిపే స్టాండు, చీర కోడుతో పాటు ఫొటో తీయడానికి రోజుకో గంట ఒక కుర్రాడి జీతం. సరైన ఫొటోలు లేకుండా ఆమె ఎంత చదివినా ఈ ప్రాజెక్టు ముందుకు సాగదు.

ఎమ్మెస్ గురించి ఇప్పుడే అప్పు లెక్కలు వేసుకోకండి. ఇక్కడే ఎంటెక్‌కు దారితీసే గేట్ పరీక్షలో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపరుంది, ఈసీఈ వాళ్లు కూడా రాయొచ్చు. ఐఐఎస్సీ ఊళ్లోనే ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో సీవీఐటీ ఈ రంగంలో దేశమంతా తెలిసిన కేంద్రం. మూడో ఏడాది వేసవి సెలవుల ఇంటర్న్‌షిప్‌ కోసం ఇలాంటి ల్యాబ్‌ల ప్రొఫెసర్లకు ఆమె మెయిల్ రాయాలి, అదీ జనవరి లోపే. మెయిల్ మొదటి రెండు వాక్యాల్లో చీరల పరీక్షలో వచ్చిన ఆ మూడు అంకెలు పెట్టమనండి, కాలేజీ మార్కులు కింద రాసినా చాలు.