ఇంటి నుంచే ట్యాలీ, జీఎస్టీ పని: 35 వేలలో ఏ కంప్యూటర్ కొనాలి?

మీరు ఉప్పల్‌లో ఇంటి నుంచే ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చిన్న షాపుల లెక్కలు రాస్తారు, బడ్జెట్ 35 వేలు. షాపతను ఐ7 సెట్టు మానిటర్‌తో కలిపి 16 వేలకే ఇస్తానంటున్నాడు, మీ తమ్ముడేమో ల్యాప్‌టాప్ తీసుకోమంటున్నాడు, ఏది కొనాలన్నది మీ ప్రశ్న. నేనూ మల్కాజిగిరిలో ఇంటి దగ్గర కూర్చుని ఇదే పని చేస్తాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఆ 16 వేల సెట్టు సంగతి. ఐ7 అనేది ఇంటెల్ ప్రాసెసర్ రకం పేరు, అది అన్నంత మాత్రాన ఏమీ తెలియదు, దాని పక్కన ఉండే నంబరు అడగండి. ఐ7-4770 అంటే నాలుగో జనరేషన్, 2013 నాటిది. ఐ5-8500 అంటే ఎనిమిదో జనరేషన్, 2018లో వచ్చింది. మీకు పనికొచ్చేది రెండోదే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో, ఒకటీ అరా తప్పిస్తే, ఎనిమిదో జనరేషన్ నుంచే అర్హత. అంతకంటే పాతవాటిలో కూడా ఏదో ఒకలా 11 ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారు. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది గానీ, వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. నలుగురి లెక్కలు, లాగిన్ వివరాలు ఉండే మెషిన్‌తో ఆ టెన్షన్ దేనికండీ?

నేను వాడేది సెకండ్ హ్యాండ్ చిన్న డెస్క్‌టాప్. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ రకాల్లో మైక్రో, మినీ, టైనీ అని వస్తాయి చూడండి, అది. లావుపాటి నిఘంటువు అంత ఉంటుంది, మానిటర్ వెనకాల పెట్టేయొచ్చు. కంపెనీలు వాడి మార్చేసిన ఇలాంటి సరుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కల షాపుల్లో దొరుకుతుంది. ప్యారడైజ్ మెట్రోలో దిగితే నడిచి వెళ్లొచ్చు. నాది 2024లో ఇరవై వేల లోపే వచ్చింది. ఇప్పుడు ఆ ధరకు ఇవ్వకపోవచ్చు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లు ఎగరేసుకుపోతుండటంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే "తర్వాత ర్యామ్ వేయించుకుందాంలే" అనుకోకుండా, ముందే వేసి ఉన్నది చూసుకోండి. ట్యాలీ ఒక్కటే అయితే 8 జీబీ ఎక్కువే. కానీ పక్కన క్రోమ్‌లో జీఎస్టీ పోర్టల్, బ్యాంకు, వాట్సాప్ వెబ్, పైన రెండు మూడు ఎక్సెల్ షీట్లు తెరుస్తాం కదా, 16 ఉంటే హాయి. హార్డ్ డిస్క్ వద్దే వద్దు, ఎస్ఎస్‌డీ (చిప్‌లతో చేసిన వేగమైన డిస్క్) ఉండాలి, 256 జీబీ చాలు.

షాపులో డబ్బులిచ్చే ముందు మెషిన్ ఆన్ చేయించి మీరే కీబోర్డు ముందు కూర్చోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడారు, డిస్క్ ఎస్ఎస్‌డీనా కాదా, అన్నీ అక్కడే కనబడతాయి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూసి విండోస్ అసలుదో కాదో తేల్చుకోండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే ఎస్ఎస్‌డీ ఎంత అరిగిందో కూడా చెబుతుంది. ఇదంతా ఐదు నిమిషాల పని. చూడనివ్వం అంటే పక్క షాపుకి వెళ్లడమే. వైఫై ఉందా అని మాత్రం విడిగా అడగండి, ఈ చిన్న డబ్బాల్లో చాలావాటికి ఉండదు. కొన్నిటికి హెచ్‌డీఎంఐ కూడా ఉండదు, డిస్‌ప్లే పోర్టే ఉంటుంది. దానికి తగ్గ కేబుల్ అక్కడే తీసుకోండి.

మానిటర్ మాత్రం కొత్తది కొనండి. 24 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర). రోజంతా చూసేది దాన్నే. కీబోర్డుకి నంబర్ ప్యాడ్ తప్పనిసరి అని మీకు నేను చెప్పక్కర్లేదు. డెస్క్‌టాప్‌తో కెమెరా, మైకు రావు, మీటింగులుంటే ఫోన్‌తో నడిపించండి.

యూపీఎస్ దగ్గర పొదుపు చేయొద్దు. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వస్తే మన దగ్గర కరెంటు ఎలా పోయి వస్తుంటుందో తెలుసు కదా. 20న 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్న్) గడువు పెట్టుకుని అదే రోజు ఎంట్రీ మధ్యలో మెషిన్ ఆగిపోతే ట్యాలీ డేటా కూడా దెబ్బతినొచ్చు. 600 వీఏది చాలు, సేవ్ చేసి మూసేసేంత టైమ్ ఇస్తుంది. రౌటర్‌ని కూడా దానికే తగిలించండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. అది వేస్తే కరెంటు మారేటప్పుడు కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే అవకాశం తగ్గుతుంది. అపార్ట్‌మెంట్ జనరేటర్‌ని నమ్ముకుంటే కుదరదు, అది అందుకునే లోపే మెషిన్ ఆగిపోతుంది.

మ్యాక్ మినీ, క్రోమ్‌బుక్ జోలికి వెళ్లకండి. మంచివే, కానీ ట్యాలీ విండోస్ కోసం చేసింది. మీ క్లయింట్లలో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంటే రిటర్న్‌కి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి పెట్టే యూఎస్‌బీ పరికరం) కూడా కావాలి, క్రోమ్‌బుక్‌లో అది నడవదు.

బిల్లు జీఎస్టీతోనే అడగండి, సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో అందులో రాయించండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటారు. మనమే రిటర్నులు వేసేవాళ్లం, ఆ బేరానికి ఒప్పుకుంటామా!

ఇక ల్యాప్‌టాప్ మాట. క్లయింట్ల షాపులకు వెళ్లి అక్కడే ఎంట్రీలు చేసే పని వారంలో ఒకటి రెండుసార్లైనా ఉంటే మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్. అప్పుడు 15.6 అంగుళాలది, నంబర్ ప్యాడ్ ఉన్నది, ర్యామ్ స్లాట్ ఖాళీ ఉన్నది చూడండి. కొన్నిట్లో ర్యామ్ బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచలేం. అలా క్లయింట్ల దగ్గరకు వెళ్తుంటారో లేదో ప్రశ్నలో రాయలేదు, అది చెబితే మోడల్ వరకూ చెబుతాను.