నుదురు వెనక్కి జరుగుతోంది... జుట్టు పెంచాలా, తగ్గించాలా?

ప్రశ్న: నా వయసు 30. మూడేళ్లుగా నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోతోంది. మధ్యలో మాత్రం ఒత్తుగానే ఉంది. అద్దంలో చూసుకుంటే ఇంగ్లిష్ ‘ఎం’ అక్షరంలా కనబడుతోంది. అది తెలియకుండా ముందు జుట్టు పొడవుగా పెంచి పక్కకు దువ్వుకుంటున్నాను. గాలి వీస్తే మొత్తం బయటపడిపోతోంది. ఎవరైనా ఫొటో తీస్తామంటే టెన్షన్. ఫ్రెండ్స్ గుండు చేయించుకోమంటున్నారు. నాకు ఎలాంటి కటింగ్ నప్పుతుంది? రోజూ హెల్మెట్ పెట్టుకోవడం వల్లే ఇలా అయిందా? మందులు వాడాలా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ పెంచిన జుట్టు తీయించేయండి. హెల్మెట్ సంగతి, మందుల సంగతి తర్వాత చూద్దాం.

జుట్టు పలచబడిన చోట పొడవు పెంచితే నిండుగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి రివర్స్. వెంట్రుక పొడవయ్యేకొద్దీ దాని బరువుకే అది పడుకుంటుంది. మధ్యాహ్నానికల్లా తలలో ఊరే జిడ్డు, చెమట కలిసి పది పదిహేను వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని పాయలవుతాయి. పాయకీ పాయకీ మధ్య తల చర్మం మెరుస్తుంది. అదే జుట్టు రెండు, మూడు సెంటీమీటర్లే ఉంటే దేనికది నిలబడుతుంది. కింద చర్మం అంతగా కనపడదు.

నా కన్సల్టింగ్ రూములో పేషెంట్ కుర్చీ సరిగ్గా ఫ్యాన్ కింద ఉంటుంది. ఆ మధ్య ఒకాయన వచ్చి కూర్చున్నాడు. మాట్లాడినంతసేపూ ఎడమ చెయ్యి నుదుటి మీద నుంచి దిగలేదు. ఫ్యాన్ ఆపించి, చెయ్యి తీయమని చూశాను. చెవి పైనుంచి లాక్కొచ్చిన ఓ పాయ, హెయిర్ స్ప్రేతో అట్టలా బిగుసుకుపోయి ఉంది. దాన్ని పైకెత్తితే కింద ఖాళీ రెండు వేళ్ల వెడల్పుంటుందేమో, అంతే! ఆ ఖాళీని ఎవరూ పట్టించుకోరు. పాయ మాత్రం గుమ్మం దగ్గర్నుంచే కనబడింది నాకు. ఇలా నవ్వే అర్హత నాకు పెద్దగా లేదనుకోండి. ముప్పై అయిదేళ్లప్పుడు నేనూ రెండేళ్ల పాటు ఇదే పని చేశాను.

కటింగ్ గురించి చెప్పే ముందు ఒక చిన్న పరీక్ష. అద్దం ముందు నిలబడి కనుబొమలు బాగా పైకి ఎత్తండి. నుదుటి మీద ముడతలు పడతాయి కదా, అన్నిటికన్నా పైనున్న ముడత మీద ఒక వేలు అడ్డంగా పెట్టండి. జుట్టు ఆ వేలి పైఅంచు దగ్గరే మొదలైతే అది బట్టతల కాకపోవచ్చు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల నుంచి ముప్పై లోపు చాలామంది మగవాళ్లకు ముందు గీత సెంటీమీటరు, సెంటీమీటరున్నర పైకి జరిగి అక్కడ ఆగిపోతుంది. అది పెద్దవాడి నుదురు, జబ్బేమీ కాదు. కాలేజీ రోజుల ఫొటోతో పోల్చుకుని బెంగపడేవాళ్లలో కొందరిది ఈ కథే. అలా కాకుండా కణతల దగ్గర మూలలు ఇంకా లోతుగా పోయి, అక్కడి వెంట్రుకలు నూగులా సన్నబడి ఉంటే అది మగవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు మొదలు. దీన్ని కొలవడానికి మేం హామిల్టన్–నార్‌వుడ్ స్కేల్ వాడతాం. హామిల్టన్ 1951లో వేసిన వర్గీకరణను నార్‌వుడ్ 1975లో సవరించాడు. మొత్తం ఏడు దశలు. మీరు రాసినదాన్ని బట్టి మీది రెండో దశో, మూడో దశో అయి ఉంటుంది. అంటే కటింగ్‌తో చాలావరకు సర్దుకునే దశ. నడినెత్తి మీకు కనబడదు కాబట్టి ఇంట్లో ఎవరితోనైనా పైనుంచి ఒక ఫొటో తీయించి చూసుకోండి. అక్కడ కూడా పలచబడుతుంటే లెక్క కొంచెం మారుతుంది.

ఇప్పుడు కటింగ్. ఇందులో అన్నిటికన్నా ముఖ్యం పక్కలు. మీ తలలో చెవుల పైన, వెనక జుట్టు బాగా ఒత్తుగా ఉంటుంది. అక్కడ గుబురుగా వదిలేస్తే దాని పక్కనే ఉన్న కణత మూల ఇంకా బోసిగా కనబడుతుంది. ఏదైనా పక్కన ఉన్నదాన్ని బట్టే కదా ఎక్కువో తక్కువో తెలిసేది. పక్కలు పొట్టిగా తీయించి, పైకి వచ్చేకొద్దీ మెల్లగా పొడవు పెరిగేలా ఫేడ్ చేయించుకుంటే ఉన్న పై జుట్టే ఒత్తుగా అనిపిస్తుంది. సెలూన్‌లో ‘షార్ట్‌గా చెయ్’ అని ఊరుకోకండి, కొలత చెప్పండి. ట్రిమ్మర్‌కి పెట్టే నంబర్ 2 గార్డు అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు, నంబర్ 1 అంటే 3. చెవుల దగ్గర నంబర్ 1, ఆ పైన నంబర్ 2, పైభాగం కత్తెరతో మూడు సెంటీమీటర్లు అని చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

మధ్యలో ఒత్తుగా ఉందన్నారు కాబట్టి మీకు బాగా పనికొచ్చేది టెక్స్చర్డ్ క్రాప్. పై జుట్టును సమానంగా కాకుండా కొంచెం ఎగుడుదిగుడుగా కత్తిరించి, నడినెత్తి నుంచి ముందుకు, కొద్దిగా పక్కకు పడేలా వదిలేస్తారు. కొసలు నుదుటి మీద ఒక వేలు వెడల్పున పడితే చాలు, మూలలు వాటిలో కలిసిపోతాయి. మరీ నీటుగా దువ్వకండి. క్రాప్ అందం కాస్త చెదిరి ఉండటంలోనే ఉంది, పైగా గాలి వీచినా చెదిరేదేమీ ఉండదు. దీనికే ఇంకా పొట్టి రూపం సీజర్ కట్. అవును, ఆ జూలియస్ సీజర్ పేరే. బట్టతల దాచుకోవడానికి నడినెత్తి జుట్టు ముందుకు దువ్వుకునేవాడట ఆయన. లారెల్ ఆకుల కిరీటం ఎప్పుడైనా పెట్టుకునే హక్కును సెనేట్ ఇస్తే, మిగతా గౌరవాలన్నిటికన్నా దానికే ఎక్కువ మురిసిపోయాడని రోమన్ చరిత్రకారులు రాసిపెట్టారు. రెండు వేల ఏళ్ల కిందటి టెన్షన్ కూడా మీదే!

ముందుకు పడే జుట్టు నచ్చకపోతే, పక్కలు బాగా పొట్టిగా, పైన కాస్త పొడవుగా ఉండే క్రూ కట్ చేయించుకోండి. ఆఫీసుకు మరీ మోడ్రన్‌గా ఉండకూడదనుకునేవాళ్లకు అది బాగుంటుంది. పాపిడి తీసే అలవాటుంటే ఒక్క జాగ్రత్త: పాపిడి కణత మూల కొసలోంచి మొదలవకూడదు. అలా తీస్తే ఆ ఖాళీకి బాణం గుర్తు పెట్టినట్టే. కాస్త కిందికి, కనుబొమ చివరకు ఎదురుగా తీసుకోండి. అలాగే ముందు గీతను రేజర్‌తో నీటుగా గీయించుకోవద్దు. సూటిగా గీసేకొద్దీ ‘ఎం’ ఇంకా స్పష్టంగా కనబడుతుంది, పైగా ఉన్న నాలుగు సన్న వెంట్రుకలూ పోతాయి. జెల్ రాసి వెనక్కి దువ్వడం, వెనక పిలక కట్టడం మీలాంటివాళ్లు మానుకోవాల్సినవి. పిలక విషయంలో అందం ఒక్కటే కాదు సమస్య. రోజూ బిగించి కడితే ఆ లాగుడుకే ముందు వరుస కుదుళ్లు దెబ్బతింటాయి. ఏళ్ల తరబడి సాగితే అక్కడ మళ్లీ మొలవవు.

జెల్, నూనె లాంటి మెరుపు వచ్చేవన్నీ జుట్టును పాయలు చేస్తాయి. వాటి బదులు మెరుపు లేని మ్యాట్ క్లే గానీ, పేస్ట్ గానీ వేలి గోరంత తీసుకుని, అరచేతుల్లో రుద్ది, ఆరిన జుట్టుకు కుదుళ్ల వైపు నుంచి పట్టించండి. నల్లగా రంగు వేస్తే ఒత్తుగా కనబడుతుందనేది సగం నిజం. తల చర్మం తెల్లగా ఉన్నవాళ్లకు నలుపు వేసేకొద్దీ ఖాళీలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. జుట్టు మీద చల్లుకునే కెరాటిన్ ఫైబర్లు పలచబడిన నడినెత్తికి బాగానే పనిచేస్తాయి గానీ, పట్టుకోవడానికి వెంట్రుకే లేని నుదుటి అంచున చల్లితే మసి పూసినట్టుంటుంది. గడ్డం మీకు ఒత్తుగా వచ్చేదైతే పొట్టిగా ఉంచుకోండి. చూసేవాళ్ల కళ్లు దవడ వైపు దిగుతాయి. ముఖం ఆకారాన్ని బట్టి చార్టులు నెట్లో బోలెడు కనబడతాయి, వాటి జోలికి పోకండి. పొడుగు ముఖమైతే పైన మరీ ఎత్తు లేపవద్దు. నా అనుభవంలో అందులో పనికొచ్చే ముక్క అదొక్కటే.

గుండు సంగతి. మీ దశలో అవసరం లేదు, చేయించుకోవాలని ఉంటే తప్పూ లేదు. జంకు ఉంటే ఒక్కసారే దూకకండి. ముందు తలంతా నంబర్ 2తో తీయించి రెండు వారాలు ఉండండి, తర్వాత నంబర్ 1. అప్పటికి అద్దం అలవాటవుతుంది. మూలలు ఇంకా లోతుగా పోయినవాళ్లకు, నడినెత్తి కూడా పలచబడినవాళ్లకు నేను చెప్పేది మాత్రం ఇదే. అంత పొట్టిగా ఉంటే జుట్టున్న చోటికీ లేని చోటికీ తేడా చాలా తగ్గిపోతుంది. గొరిగితే ఒత్తుగా మొలుస్తుందన్న ఆశ పెట్టుకోకండి. రేజర్ కుదురు దాకా పోదు. మొలిచే వెంట్రుక కొస మొద్దుగా ఉండటం వల్ల చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. రేజర్ వాడితే స్నానం తర్వాత, వెంట్రుక మొలిచే దిక్కుకే గీయండి. ఎదురు గీస్తే వెంట్రుకలు లోపలికి తిరిగి పొక్కులొస్తాయి. మీ రేజర్ మీకే ఉండాలి, ఇంకొకరిది వద్దు. ఇన్నాళ్లూ ఎండ తగలని చర్మం కాబట్టి బయటికి వెళ్లేటప్పుడు టోపీ గానీ, ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ గానీ తప్పనిసరి.

హెల్మెట్‌ను మాత్రం అనకండి. అదే కారణమైతే అది చెవుల మీదా, వెనకా కూడా ఒరుసుకుంటుంది కదా, అక్కడి జుట్టు చెక్కుచెదరలేదేం? టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు నుదుటి దగ్గరా, నడినెత్తినా ఉన్న కుదుళ్లు లొంగిపోతాయి, వెనక ఉన్నవి లొంగవు. అది పుట్టుకతో వచ్చిన జన్యువులను బట్టి ఉంటుంది, నాన్న వైపు నుంచీ రావచ్చు, అమ్మ వైపు నుంచీ రావచ్చు. చర్మాన్ని పెద్దదిగా చూపించే డెర్మోస్కోప్ పెట్టి చూస్తే ఒక లావు వెంట్రుక, దాని పక్కనే నూగు లాంటి వెంట్రుక కనబడతాయి. ఊడిపోవడం కన్నా సన్నబడిపోవడమే ఇందులో అసలు జబ్బు. హెల్మెట్ లోపలి గుడ్డ మురికిగా ఉంటే చుండ్రు, కురుపులు రావచ్చు. ఉతుక్కోండి, పెట్టుకోవడం మాత్రం మానకండి.

మందుల విషయానికొస్తే, నిరూపణ అయినవి రెండు. మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. దాన్ని మింగినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. మగవాళ్లకు 5 శాతం ద్రావణం రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 1 మిల్లీలీటరు, తడి లేని తల చర్మానికి రాయాలి. మొదటి కొన్ని వారాల్లో జుట్టు ఇంకా రాలొచ్చు. అక్కడే సగం మంది భయపడి ఆపేస్తారు. ఆపకండి, ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. నడినెత్తి మీద పనిచేసినంత బాగా కణత మూలల్లో పనిచేయదని ముందే చెబుతున్నాను. ఇంట్లో పిల్లి ఉంటే సీసా, రాసుకున్న తల రెండూ దానికి అందకూడదు. పిల్లులకు ఈ మందు విషం.

రెండోది ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర. ఇది డీహెచ్‌టీని తగ్గిస్తుంది. ఉన్న జుట్టును నిలబెట్టడంలో దీని పాత్ర ఎక్కువ. కొద్దిమందిలో లైంగికాసక్తి, అంగస్తంభన తగ్గడం, మనసు దిగులుగా ఉండటం కనిపిస్తాయి. అందుకే ఇది డాక్టర్ రాస్తేనే వాడాలి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ పరీక్షలో అంకె దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి ఆ పరీక్ష చేసే డాక్టర్‌కి ఈ మాట చెప్పాలి. గర్భిణులు విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. రెండు మందులూ వాడినన్నాళ్లే పనిచేస్తాయి. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి మీరు అడగలేదు, ఇప్పుడే తొందరపడకండి కూడా. ఇంకా వెనక్కి జరుగుతున్న గీతకు ముందు జుట్టు నాటితే, దాని వెనకున్నది రాలిపోయాక మధ్యలో కాలవ మిగులుతుంది.

ఇక నేరుగా డాక్టర్‌కి చూపించాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. నాణెం సైజులో ఒక్కచోటే నున్నగా అయిపోవడం, జ్వరమో ఆపరేషనో అయిన రెండు మూడు నెలలకు తలంతా గుప్పెళ్లుగా రాలడం, తల మీద ఎర్రదనం, మంట, చీము, జుట్టుతో పాటు కనుబొమలు కూడా పలచబడటం... ఇవేవీ కటింగ్‌తో తేలేవి కావు. ఈ బెంగతో మనుషుల్లోకి వెళ్లడమే తగ్గించేశాననిపిస్తే అది కూడా దాచకుండా చెప్పండి.

డెర్మటాలజిస్టు దగ్గరికి వెళ్లే రోజు తలస్నానం చేసి, క్లే, ఫైబర్లు ఏవీ పెట్టుకోకుండా వెళ్లండి. ఐదారేళ్ల కిందటి ఫొటో, నుదురు సరిగ్గా కనబడేది, ఫోన్‌లో ఉంచుకోండి. నేను మొదట అడిగేది అదే.