గుడ్లు ఆపేసిన నీ పెట్టల గురించి

తల్లికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ కోళ్లు గుడ్లు మానేశాయనీ, పక్కింటివాళ్లు దిష్టి తగిలిందంటున్నారనీ, సంతలో అమ్మేద్దామని అల్లుడు అంటున్నాడనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అమ్మకమ్మా. ఇంకా ఏడాది నిండని పెట్టలవి. మొన్నటిదాకా పెట్టినవి ఊరికే మానవు, కారణం వాటి ఒంటిమీదే కనిపిస్తుంది. మేత మార్చేముందు, మందు తెచ్చేముందు ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని చూడు.

రాత్రి గూట్లో కునుకు తీస్తున్నప్పుడైతే గింజుకోవు. చంకలో పెట్టుకుని తోక కింద చూడు. గుడ్డు దిగే చోటు వెడల్పుగా, తడిగా ఉంటే అది పెడుతున్నట్టే. చిన్నగా ముడుచుకుని పొడిగా ఉంటే ఆపేసినట్టు. దానికి అటూ ఇటూ రెండు సన్నటి ఎముకల కొనలు చేతికి తగులుతాయి. వాటి మధ్య నీ వేళ్లు రెండో మూడో పడితే పెడుతున్న పెట్ట, ఒక్క వేలే పడితే ఆగిన పెట్ట. తురాయి కూడా చూడు, పెట్టేదానికి ఎర్రగా నిండుగా ఉంటుంది, ఆగినదానికి పాలిపోయి కుంచించుకుపోతుంది.

పెడుతున్నట్టే తేలితే గుడ్లు ఎక్కడికి పోతున్నాయో వెతకాలి. వదిలేసి పెంచే కోడి గడ్డికుప్ప సందులోనో, కంచె మొదట్లోనో చోటు చూసుకుంటుంది. కాకి, ముంగిస, జెర్రిపోతు కూడా ఎత్తుకుపోతాయి. నాలుగు రోజులు పదిగంటల దాకా గూట్లోనే ఉంచు, ఎక్కువ గుడ్లు పొద్దుటిపూటే దిగుతాయి. బయట గుడ్ల కుప్ప దొరికితే నీళ్లలో వేసి చూడు, తేలినవి పారెయ్యి.

ఇక నిజంగా ఆగినవాటి సంగతి. నీ నాటు పెట్ట రాత్రీ పగలూ గూట్లోనే ఉండి, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడుస్తుందా? పొట్టకింద ఈకలు రాలి ఒళ్లు వేడిగా ఉందా? అయితే పొదగడానికి కూర్చుంది. నాటుకోడి పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చోవడం దాని స్వభావం, తొలిసారి పెట్టిన పెట్టయినా అంతే. పిల్లలు కావాలంటే కిందికి గుడ్లు పెట్టు, 21 రోజులకు పిల్లలొస్తాయి. అక్కర్లేకపోతే కింద గాలి ఆడేలా ఎత్తుగా కట్టిన తడికె మీద, మేత నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచు. ముక్కులో ఈక గుచ్చమని ఎవరైనా చెబితే వినకు. అది హింస, ఆ పని నువ్వు చెయ్యడం నాకు ఇష్టం లేదు.

గ్రామప్రియ అని గుడ్ల కోసం తీసిన పెరటికోళ్ల జాతి ఉంది కదా, ఆ పెట్టలు పొదుగుకు కూర్చోవడం అరుదు. వాటికి ముఖ్యంగా వెలుతురు చూడాలి. మన వైపు మార్గశిరంలో పగలు 11 గంటలే ఉంటుంది. బాగా పెట్టే జాతి పెట్టకు రోజుకు 14 గంటల వెలుతురు కావాలి. కావాలంటే తెల్లవారుజామున మూడున్నర నుంచి గూట్లో చిన్న బల్బు వెయ్యి. సాయంత్రం వెయ్యకు, ఒక్కసారిగా ఆర్పితే చీకట్లో కర్ర ఎక్కలేక తడబడతాయి. నన్నడిగితే నాటువాటికి బల్బు అక్కర్లేదు, సంక్రాంతి దాటి పొద్దు పెరిగితే అవే మొదలుపెడతాయి.

ఇప్పుడు కోతలు కదా, కల్లంలో రాలిన వడ్లతో కడుపు నింపుకుని వస్తాయి. నువ్వు నూకలు కూడా వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఉత్త గింజలతో ఒళ్లు కొవ్వెక్కుతుంది కానీ గుడ్డు తయారు కాదు. చోళ్లు (రాగులు), తవుడు వేస్తూనే కాస్త వేరుశనగ చెక్క, ఎండుచేపల తలలు పొడికొట్టి కలుపు. చెదపుట్ట మట్టి దొరికితే కళ్లాపి చల్లినంత మేర చల్లు, ఎంత ఇష్టంగా ఏరుకుంటాయో చూడు. బూజు వాసన వచ్చే చెక్క మాత్రం వద్దు. ఒక్కో గుడ్డు పెంకుకు దాదాపు రెండు గ్రాముల కాల్షియం పోతుంది, అందుకని నత్తగుల్లలు గానీ, ఎండబెట్టి దంచిన గుడ్డు పెంకులు గానీ విడిగా చిప్పలో పెట్టు, కావలసినంత అవే తింటాయి. గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్లే. నీళ్ల చిప్ప ఒక్క పూట ఎండినా ఆ దెబ్బ గుడ్ల మీద పడుతుంది.

రాత్రి టార్చి వేసి గూటి సందులు కూడా చూడు. ఆవగింజకన్నా చిన్న ఎర్రటి పురుగులు కర్రల సందుల్లో ఉంటాయి, చీకటి పడ్డాక వచ్చి రక్తం తాగుతాయి. ఉంటే గూడు ఖాళీ చేసి మరిగే నీళ్లు పోసి ఎండబెట్టు. తేలిగ్గా ఉండి రొమ్ము ఎముక పైకి తేలిన పెట్టను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు, నులిపురుగులుండొచ్చు. మందు వేశాక ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో డాక్టరునే అడుగు. ఆకుపచ్చగా పారుతున్నా, మెడ వంకర్లు పోతున్నా కొక్కెర తెగులు (రాణీఖేత్) అనుకుని ఆ రోజే వెళ్లు, దాన్ని మిగతావాటి నుంచి వేరుగా కట్టు.

సంత నుంచి కొత్త కోడి తెచ్చినా, కుక్క తరిమినా, గూడు మార్చినా కొన్నాళ్లు ఆగడం మామూలే. దానికి టెన్షన్ పడొద్దు. మొదటి నెలల్లో పెంకు గట్టిపడని తోలుగుడ్లు రావడం, రోజు విడిచి రోజు పెట్టడం కూడా మామూలే.

ఈ రాత్రే చూసి రేపు ఫోన్ చెయ్యి. ఏ పెట్టకు ఎన్ని వేళ్లు పట్టాయో, తురాయి రంగెలా ఉందో విడివిడిగా చెప్పు. నాటుది పొదుగు మీదే ఉందంటే మా పుంజు జాతి గుడ్లు పది, ఊక నింపిన బుట్టలో పెట్టి బొబ్బిలి బస్సులో పంపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ