కుడన్‌బోయి నోట ఒక్క మాటైనా లేదేం?

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. గుణుపురం సంత కళ్ళకు కట్టింది. కానీ సవర గిరిజనుల కుడన్‌బోయి, అంటే పోయినవాళ్ళని పలికించే పూజారిణి, రాగానే పుర్రె, నిమ్మకాయలు, పొగ, ఎర్రటి కళ్ళు! అక్కడ నాకు ఒళ్ళు మండింది.

ఒడిశా కొండల్లో కుడన్‌బోయి ఏం చేస్తుందో తెలుసా? కాళ్ళు బారజాపి కూర్చుని పాడుతుంది. ఆమె ప్రాణం కింది లోకానికి దిగుతుంది. ఒళ్ళు కొయ్యబారితే పక్కవాళ్ళు మోకాళ్ళు, మోచేతులు పట్టి వంచుతారు. అప్పుడు చనిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె నోటితో మాట్లాడతారు. చుట్టూ ఉన్న బంధువులు జవాబు చెబుతారు, నిలదీస్తారు, ఏడుస్తారు, పరాచికాలూ ఆడతారు. జబ్బులో ఉన్నప్పుడు చూడటానికి ఎందుకు రాలేదని పోయిన తల్లి అడిగితే కూతురు సంజాయిషీ చెప్పుకోవాలి. ఒక్క రోజులో తేలే మాటలు కావివి, ఏళ్ళ తరబడి సాగుతాయి. పోయినవాళ్ళ కోపం మెల్లగా చల్లారి, వాళ్ళు ఇంటిని కాచే పెద్దలవుతారు. వాళ్ళ పేరు ఓ పసిబిడ్డకు పెడతారు.

ఇంత సంభాషణ ఉన్నచోట నీ కుడన్‌బోయి ఒక్క కేక పెట్టి ఊరుకుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూ సవరల మాట నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ముందు ఆయన వాళ్ళ మాట విన్నాడు. నువ్వు వినలేదు.

ఎనభైలలో వారపత్రికల నిండా క్షుద్ర నవలలే. నా సవర కథలో ఒక సంపాదకుడు పుర్రె చేర్చాడు. ఇంటద్దె టెన్షన్‌లో ఉండి నోరు మూసుకున్నాను. తర్వాత ఒక సవర టీచరు ఆ కథ చదివి నన్ను అడిగాడు: "మా అమ్మమ్మ కుడన్‌బోయి. ఆవిడ నోట మా తాత మాట్లాడేవాడు. మీ కథలో ఎవరూ మాట్లాడరేం?" ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కుడన్‌బోయిని షామన్ అని రాయవచ్చా అని అడిగావు. అది సైబీరియాలోని ఎవెంకీ తెగవాళ్ళ మాట. సవరలకి సొంత పేరుండగా అరువెందుకు? సవర కుర్రవాళ్ళు చాలామంది బాప్టిస్టు చర్చిలో చేరారు, ఈ మాటలు వినపడే ఇళ్ళు తగ్గిపోతున్నాయి. నాకు తొందర అందుకే.

నీ కథలో పాము కరిచి పోయిన తమ్ముడున్నాడు కదా. కుడన్‌బోయి నోట వాణ్ణి పలికించు. అన్నని వాడు మొట్టమొదట ఏం అడుగుతాడో, ఆ ఒక్క పేజీ రాసి పంపు.