ఆ వకీలు ఎక్కడ ఆగాడో రాయి

నల్లగొండ

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. దేవరకొండ బస్టాండు గురించి రాసిన రెండు పేజీలు నాకు చాలా నచ్చాయి. వకీలు వచ్చిన దగ్గర్నుంచి మాత్రం కథ కదల్లేదు. ఎందుకో చెప్తాను, మనసుకు తీసుకోకు.

ఆయన ఉస్మానియాలో లా చదివాడని, నల్లగొండలో పదేళ్లు సివిల్ దావాలు నడిపాడని, తర్వాత హైదరాబాద్‌లో ఒక లా ఫర్మ్‌లో చేరి కంపెనీల్లో జరిగే మోసాల మీద విచారణలు చేస్తున్నాడని ఆయన వచ్చిన మొదటి పేజీలోనే రాసేశావు. అది బయోడేటా. ఆ పదేళ్లు ఆయన్ను ఏం చేశాయో నీ కథలో ఎక్కడా కనపడలేదు.

నేను ఇరవై ఎనిమిదేళ్లు కోర్టులో స్టెనోగా చేశానని నీకు తెలుసు. సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, నేను టైపు కొడతాను. మన దిక్కు సాక్షి "నాకెర్క లేదు" అన్నా, "యాదికి లేదు" అన్నా బయటివాళ్లకు ఒకే మాటలా వినపడుతుంది. మొదటిది అసలు తెలియదని, రెండోది తెలిసి మరిచిపోయానని. ఆ తేడా రికార్డులోకి ఎక్కకపోతే మంచి వకీలు వెంటనే లేచి నిలబడతాడు. నీ వకీలుకు ముందు ఆ చెవి ఇవ్వు.

ఒకరోజు సంగతి చెప్తాను. భూమి కేసు. సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా కొన్న మూడెకరాలు. ఆ ముసలాయన దగ్గర తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం, అనుభవదారు గడిలో తన పేరున్న పాత పహాణీలు (ఊరి భూమి రికార్డు నకళ్లు) తప్ప ఇంకేం లేవు. చీఫ్ ఎగ్జామినేషన్, అంటే తన పక్షాన సాక్షి చెప్పే మాట, అఫిడవిట్ రూపంలో ముందే వేశారు. అందులో ఆయన నోట ఎన్నడూ పలకని మాటలున్నాయి. అవతలి వకీలు క్రాస్‌కు, అంటే ఎదురు ప్రశ్నలకు లేచి, గొంతు పెంచకుండా అడిగాడు: "పెద్దాయనా, నీ పొలానికి తూర్పుకు ఏముంది?"

"మా పాలోళ్ల చెల్క సార్."

పాలోళ్ల చెల్కంటే దాయాదుల మెట్టపొలం. దావాలో మాత్రం తూర్పు హద్దు "బాట" అని ఉంది. వకీలు ఒక్క క్షణం కాగితం వంక చూసి, "ఇంతే సార్" అని కూచున్నాడు. పక్కనున్న జూనియర్, ఎందుకట్ల చెప్పినవని అడగమని చెవిలో గొణిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అడిగితే ముసలాయన ఏమంటాడో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. "బాట పాలోళ్ల చెల్కలకెంచే పోతది సార్" అంటాడు. రెండు మాటలూ నిజమే. క్రాస్ అయ్యాక ముసలాయన తరఫు వకీలు మళ్లీ ప్రశ్నలు వేసే రీ ఎగ్జామినేషన్‌లో అది అడిగి సరిచేయొచ్చు. కానీ ఆయన వేరే కోర్టులో పిలుపొచ్చిందని తొందరలో ఉన్నాడు, అడగలేదు. ముసలాయన బోను దిగి, చెప్పులు వేసుకుంటూ నా దిక్కు చూసి, "మంచిగనే చెప్పిన గద బిడ్డా?" అన్నాడు. నేను జవాబివ్వలేదు. టైపు కొట్టిన కాగితం మిషన్‌లోంచి తీస్తున్నాను.

ఆ వకీలును చెడ్డవాడని నేను అనను. తన కక్షిదారు కోసం చేయాల్సిన పనే చేశాడు. జవాబు తెలియని ప్రశ్న క్రాస్‌లో అడగొద్దనేది ఆ వృత్తిలో మొదట నేర్పే పాఠం. తెలిసిన జవాబు తనకు అడ్డం పడేదైతే అసలే అడగడు. పదేళ్లు అలా ఆగడం అలవాటైన మనిషి నీ కథలో హైదరాబాద్ పోయి ఒక కంపెనీ క్లర్కు ముందు కూచున్నాడు. అక్కడ బోను లేదు, జడ్జి లేడు, అభ్యంతరం చెప్పే ఇంకో వకీలు లేడు. బల్ల మీద వోచర్లు, ఈమెయిళ్ల ప్రింట్లు, మంచినీళ్ల సీసా. అక్కడ పని పూర్తిగా తలకిందులు. జవాబు తెలియదు కాబట్టే అడగాలి. తనకు పనికొచ్చే ముక్క దొరకగానే ఆగిపోతే విచారణ అక్కడే పాడైపోతుంది. "బాట కూడా ఉందా?" అని ఇప్పుడు తనే అడగాలి. ఆ మలుపు దగ్గర ఆయన నోరు ఎంతగా తడబడి ఉంటుందో ఆలోచించు. నీ కథంతా అక్కడే ఉంది, నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

అడగకుండా వదిలేసిన ప్రశ్న ఎంత దూరం పోతుందో మన హైదరాబాద్‌లోనే చూశాం. సత్యం సాఫ్ట్‌వేర్ కంపెనీ లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని దాని చైర్మనే 2009 జనవరి 7న ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ఆ కాగితాలు ఎందరి చేతులు మారాయో. నీ వకీలు వోచరు పట్టుకున్నప్పుడు సంతకం ఒక్కటే చూడొద్దు. ఆ డబ్బు ఇచ్చినవాళ్లను, పుచ్చుకున్నవాళ్లను విడివిడిగా అడిగించు.

ఒక తప్పు తప్పనిసరిగా దిద్దాలి. ఆయన ఆ క్లర్కుతో "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది" అంటాడు. అననే అనకూడదు. ఆయన కంపెనీ వకీలు, ఆ అబ్బాయి వకీలు కాదు. వకీలుకు చెప్పిన మాటకు, నీ కథ నడిచే రోజుల్లో అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 126వ సెక్షన్ ఇచ్చిన రక్షణ కక్షిదారుది. ఇక్కడ కక్షిదారు కంపెనీ. అది బయటపెట్టాలనుకుంటే వకీలు ఆపలేడు. నిజాయితీ ఉన్నవాడైతే కూచోగానే ఈ సంగతి చెప్పి, ఆ తర్వాతే మొదటి ప్రశ్న వేస్తాడు. అలా చెప్పాక ఆ అబ్బాయి నోరు విప్పుతాడా, విప్పడా? నువ్వు రాసిన కన్నీళ్ల సీను కంటే ఇది బలంగా నిలబడుతుంది.

ఇంకో చిన్నది. నీ కథ 2019లో నడుస్తోంది. ఎస్సై మాత్రం భారతీయ న్యాయ సంహిత అంటున్నాడు. ఐపీసీ స్థానంలో అది అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న. ముసలామె ధరణిలో పేరు చూపించమని అడగడం కూడా కుదరదు, ఆ భూమి రికార్డుల పోర్టల్ 2020 అక్టోబర్‌లో మొదలైంది. ఈ రెండూ మార్చు.

వచ్చే వారం వీలు చూసుకొని నల్లగొండ రా. జిల్లా కోర్టులో విచారణ ఎవరైనా కూచొని వినొచ్చు. ఫోను ఆపేసి వెనక బెంచీ మీద కూచో. క్రాస్ నడిచేటప్పుడు వకీలు "ఇంతే సార్" అన్న చోటల్లా, ఆయన అడగకుండా వదిలేసిన ప్రశ్న ఏమై ఉంటుందో నోటుబుక్కులో రాసుకో. మధ్యాహ్నం ఇంటికి రా, మీ వదిన జొన్నరొట్టె చేస్తానంది. తిన్నాక ఆ పేజీలు ఇద్దరం చూద్దాం.

ఉంటాను,
నీ అన్న